“ఆయనకి అత్తగారు లేరు కదా అయ్యగారూ”: ఒక కుటుంబ కౌన్సెలింగ్ కేసు

సంఘ కాపరిగా (చర్చి పాస్టర్‌గా) ఉంటూ కుటుంబ కౌన్సెలింగ్ చూస్తాను. చాలా కేసులు నోట్సు పుస్తకంలోనే ఉండిపోతాయి. ఈ ఒక్కటి బయటికి రాయడానికి కారణం, ఇందులో నేను వరసగా మూడు తప్పులు చేయడం. మూడూ బైబిలు చేతిలో పట్టుకునే చేశాను. ఆ కుటుంబం అనుమతి తీసుకున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

ఆమెకి నలభై దగ్గర పడుతోంది. భర్త, పద్నాలుగేళ్ల బాబు, ఏడేళ్ల పాప, భర్త తల్లి. మూడు తరాలుగా విశ్వాసంలో ఉన్న ఇల్లు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఓ గంట ప్రార్థనలో గడిపేది. వంటింటి మూల ఒక కుర్చీ. దాన్ని ఇంకెవరూ వాడేవారు కాదు. రాత్రి తొమ్మిదికి కుటుంబ ప్రార్థన: ఒక పాట, ఒక అధ్యాయం, తర్వాత అందరూ ఒక్కొక్కరుగా ప్రార్థన. నలభై నిమిషాలు పట్టేది.

నా దగ్గరికి రావడానికి తొమ్మిది నెలల ముందు పెద్దావిడకి పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది, మాట పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తను చెప్పాలనుకున్నది మాత్రం నోటికి రాదు. అన్నీ మంచం మీదే.

వచ్చిన సమస్య

“దేవుడు మా ఇంట్లోంచి వెళ్లిపోయాడనిపిస్తోంది అయ్యగారూ.” ఆమె మొదటి మాట ఇదే. నాలుగింటి ప్రార్థన ఆగిపోయింది. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడుతున్నాయి గానీ ఏమీ తాకడం లేదు. ఆ కుర్చీ మీద ఇప్పుడు పెద్దావిడ డైపర్ల ప్యాకెట్లు, ఉతికిన దుప్పట్లు. అటు చూసినప్పుడల్లా ఏడుపొస్తోందట.

రమ్మని ఎవరూ చెప్పకుండానే ఆమె వచ్చింది, కానీ అదే వారం రావడానికి వేరే కారణముంది. కుటుంబ ప్రార్థన మధ్యలో బాబు లేచి, “నేను రాను. మీరు చేసుకోండి” అని గది తలుపేసుకున్నాడు. భర్త ఏమీ అనలేదు. పాప భయపడి ఇంకా గట్టిగా పాట పాడింది.

ఇలాంటి మాట విన్నప్పుడు ముందుగా చూసుకోవాల్సింది ఒకటుంది. ఆత్మీయంగా ఎండిపోవడమూ డిప్రెషనూ పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుకే నిద్ర, ఆకలి, పనుల మీద ఆసక్తి, చనిపోవాలన్న ఆలోచన, అన్నీ అడిగాను. చనిపోవాలన్న ఆలోచన లేదంది. ఆకలి ఫర్వాలేదంది. నిద్ర గురించి మాత్రం, “అలారం పెట్టుకుంటాను, పదకొండు, ఒంటిగంట, మూడు, ఐదు” అంది. పడకపుండ్లు రాకుండా పెద్దావిడని రెండు గంటలకోసారి పక్క తిప్పాలి కదా, అందుకు. అది నోట్సులో రాసుకున్నాను. రాసుకుని, పేజీ తిప్పాను. నా చెవులు “దేవుడు వెళ్లిపోయాడు” దగ్గరే ఆగిపోయాయి. కాపరికి అలాంటి మాట వినబడితే మిగతావన్నీ చిన్నవైపోతాయి. మా వృత్తి జబ్బు ఇది.

చేసి చూసినవి, పనిచేయనివి

మొదటి తప్పు. గంట కుదరనప్పుడు పదిహేను నిమిషాలైనా కుదురుతుంది కదా అనుకుని టైమ్‌టేబుల్ వేసి ఇచ్చాను. దాంతోపాటు బ్రదర్ లారెన్స్ గురించి చెప్పాను. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో కార్మెలైట్ అనే క్యాథలిక్ సన్యాసుల మఠంలో ఏళ్ల తరబడి వంటపని చేసినవాడు, 1691లో కన్నుమూశాడు. గిన్నెల చప్పుడు మధ్య కూడా, మోకాళ్ల మీద ఉన్నప్పటి లాగే, దేవుని సన్నిధిలో ఉండగలిగేవాడని ప్రసిద్ధి. “మీ వంటింట్లోనూ ప్రభువు ఉన్నాడమ్మా” అని ముగించాను. బాగానే చెప్పాననుకున్నాను.

ఆమె కాసేపు ఆగి, “ఆయనకి అత్తగారు లేరు కదా అయ్యగారూ” అంది.

నవ్వేశాను. ఆమె నవ్వలేదు. ఇంటికొచ్చాక ఆ మాట వదల్లేదు. మఠంలో గంట కొడతారు. గంట కొట్టగానే వంటవాడైనా సరే పని ఆపి ప్రార్థనకి వెళ్లే ఏర్పాటు ఉంటుంది. వేళకి నిద్ర, పనులు పంచుకునే సహోదరులు, ఒంట్లో బాగాలేకపోతే చూసే మనుషులు. లారెన్స్ వంటింటి వెనక అంత పెద్ద ఏర్పాటు నిలబడి ఉంది. ఈమె వంటింటి వెనక ఈమె ఒక్కతే. ఆయన ఉదాహరణ ఈమెకి చెప్పడమంటే, గంట తీసేసి గిన్నెలు మాత్రం ఇచ్చినట్టు. పదిహేను నిమిషాల టైమ్‌టేబుల్ కూడా అంతే. రెండో వారానికి అది ఆమె చేయలేకపోయిన పనుల జాబితాలో ఇంకొకటైంది.

రెండో తప్పు కొంచెం తెలివిగా చేశాను. జెస్యూట్ సంఘాన్ని స్థాపించిన లొయోలా ఇగ్నేషియస్ నేర్పిన దినాంత పరిశీలన ఉంది. రోజుని వెనక్కి తిప్పి చూసుకుంటూ దేవుడు ఎక్కడ కలిశాడో గమనించడం. ఆ పద్ధతి కృతజ్ఞతతోనే మొదలవుతుంది, తప్పుల వంతు ఆ తర్వాతే. కొత్తగా టైమ్ కేటాయించనక్కర్లేదు, రోజులోంచే తీసుకుంటుంది కాబట్టి ఇది ఈమెకి సరిపోతుందనుకున్నాను. ఒక చిన్న నోట్‌బుక్ ఇచ్చాను. మూడు వారాల తర్వాత తెచ్చి చూపించింది. “బాబు మీద అరిచాను. అత్తయ్య దుప్పటి మార్చడం ఆలస్యం చేశాను. పాప హోమ్‌వర్క్ చూడలేదు. విసుక్కున్నాను.” పేజీల నిండా ఇదే. కృతజ్ఞత కోసం పైన వదిలిన గీతలన్నీ ఖాళీ. పరిశీలన కాస్తా ఛార్జిషీట్ అయింది. అలసిపోయిన మనిషికి అద్దం ఇస్తే చూసుకునేది కళ్ల కింద నలుపే. ఆ నోట్‌బుక్ నేనే వెనక్కి తీసుకున్నాను.

మూడోది కుటుంబ ప్రార్థన మీద. నలభై నిమిషాలని పదికి తగ్గించమన్నాను, ఇది సరైనదే. కానీ దానికి ఒకటి జోడించాను: ‘ఈ రోజు దేవుడు నాకు ఏం చేశాడు’ అని ప్రతి ఒక్కరూ ఒక మాట చెప్పాలి. ఇంట్లో దేవుణ్ణి గుర్తుపట్టడం పిల్లలకి అలవాటవుతుందని నా ఉద్దేశం. బాబు మొదటి రోజు “ఏమీ లేదు” అన్నాడు, రెండో రోజు కూడా అదే, మూడో రోజు నుంచి రానేలేదు. భర్త “అందరం బాగున్నాం, స్తోత్రం” అని రోజూ ఒకటే మాట.

పాప మాత్రం రోజుకో సాక్ష్యం చెప్పింది. ఒకరోజు బడిలో తప్పిపోయిన పెన్సిల్ ప్రార్థన చేయగానే దొరికింది. ఇంకోరోజు కింద పడ్డా దెబ్బ తగల్లేదు. తర్వాత, ఒక స్నేహితురాలికి జ్వరముంటే తను చెయ్యి వేసి ప్రార్థన చేయగానే తగ్గిపోయింది. వాళ్లమ్మ ముఖం వెలిగిపోయింది. ఆ స్నేహితురాలి తల్లి మా సంఘంలోనే ఉన్నారు. ఆ తర్వాతి ఆదివారం ఆవిడని పలకరిస్తే ఆ అమ్మాయికి జ్వరమే రాలేదని తెలిసింది.

ఏడేళ్ల పిల్ల అబద్ధం ఎందుకు చెప్పింది? దేవుని పేరు వినబడితే అమ్మ ఏడవడం ఆపుతుందని కనిపెట్టింది కాబట్టి. ఆ పిల్లకి అబద్ధం చెప్పడం నేర్పింది నేను పెట్టిన పద్ధతే. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

మలుపు

గొప్ప ప్రార్థనలో దొరికిన జవాబేమీ కాదు. ఆదివారం ప్రసంగానికి రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదువుతున్నాను. ఏలీయా ప్రవక్త బదరీచెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. మనమందరం ఎదురుచూసేది ఆ తర్వాత కొండ మీద వచ్చే మెల్లని స్వరం కోసం. కానీ అంతకు ముందు జరిగింది ఇది: అతను నిద్రపోయాడు. దూత లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతను తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారి లేపి మళ్లీ తిండే. అప్పటిదాకా ఒక్క ఉపదేశం లేదు, ఒక్క ప్రశ్న లేదు. “ఇక్కడేం చేస్తున్నావు” అన్న ప్రశ్న కూడా నలభై రోజుల ప్రయాణం అయ్యాకే.

నోట్సు తీసి చూశాను. పదకొండు, ఒంటిగంట, మూడు, ఐదు. తొమ్మిది నెలలుగా వరసగా రెండు గంటలు కూడా నిద్రపోని మనిషికి నేను దినాంత పరిశీలన నేర్పుతున్నాను.

అక్కణ్ణుంచి క్రమం మార్చాను: ముందు నిద్ర, ఆ తర్వాత ఇంట్లో పనుల పంపకం, ప్రార్థన గురించి మాట్లాడటం చిట్టచివర.

నిద్ర గురించి నేను చెప్పగలిగింది తక్కువ, అందుకే డాక్టర్ దగ్గరికి పంపాను. ఆమెకి రక్తహీనత ఉందని తేలి మందులిచ్చారు. పెద్దావిడని చూసే నర్సు ఒంటి మీద చర్మం పరిశీలించి, గాలి పరుపు వేయించి, ఆ పెద్దావిడ విషయంలో రాత్రిపూట తిప్పే వ్యవధి కొంత పెంచవచ్చని చెప్పింది. ఎవరికి ఎంత వ్యవధి అన్నది చూసి నిర్ణయించేది వాళ్లే, నాలాంటివాళ్లు కాదు. మొత్తానికి నాలుగు అలారాలు రెండయ్యాయి: పన్నెండు, నాలుగు.

పన్నెండుది భర్త తీసుకున్నాడు. మొదటి వారమంతా అలారం మోగినా లేవలేదు. ఆమే లేచి తిప్పి పడుకుంది, నాకు చెప్పలేదు. మూడో కూడికలో ఎప్పుడో బయటపడింది. “ఆయన పొద్దున్నే డ్యూటీకి వెళ్లాలి కదండీ” అని వెనకేసుకొచ్చింది. నేను భర్తతో విడిగా కూర్చున్నాను. ‘మీరు ఆమెకి సాయం చేయాలి’ అనలేదు. ఆ మాటలోనే పని ఆమెది అన్న అర్థముంది. “ఆవిడ మీ అమ్మ కదండీ, మీరు ఏం చేస్తారు ఆమెకి?” అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు: ఆదివారం సాయంత్రాలు తల్లి గోళ్లు తీస్తాడట. చచ్చుబడ్డ కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయి ఉంటాయి. ఒక్కో వేలూ మెల్లగా విప్పి, ఫోన్ టార్చ్ నోట్లో పట్టుకుని, చర్మం తెగకుండా తీస్తాడు. గంట పడుతుందట. “నాకు ప్రార్థన చేయడం రాదండీ. అదంతా మా ఆవిడే చూసుకుంటుంది” అన్నాడు.

అది ప్రార్థనే అని అప్పుడే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. అలా పేరు పెట్టేస్తే అతను వచ్చే ఆదివారం నుంచి గోళ్లు తీస్తూ తనెంత భక్తిగా ఉన్నాడో చూసుకుంటాడు. అలారం ఫోన్ మంచానికి దూరంగా, లేస్తే తప్ప ఆపలేని చోట పెట్టమని మాత్రం చెప్పాను. అది పనిచేసింది. ఇంకొకటి అడిగాను: శనివారం మధ్యాహ్నం రెండు గంటలు ఆమెని ఇంట్లోంచి పంపేయాలి, ఫోన్ కూడా చేయకూడదు. మఠం గంట లాంటిది ఒకటి ఆమెకీ ఉండాలి కదా. మొదటి శనివారం ఆమె చర్చికి వచ్చి బల్ల మీద తల పెట్టి రెండు గంటలూ నిద్రపోయింది. ఎవరూ లేపకుండా చూసుకున్నాను.

బాబు

బాబుతో మాట్లాడటం నేను వాయిదా వేస్తూ వచ్చాను. మూర్ఖత్వం. మొదటే మాట్లాడి ఉండాల్సింది. విశ్వాసం గురించి ప్రశ్నలేమైనా ఉన్నాయేమో, సైన్సు గురించి అడుగుతాడేమో అని తయారై వెళ్లాను. వాడు చెప్పింది ఇంతే:

“నేను ప్రార్థన వద్దనలేదు అంకుల్. ప్రార్థనలో అమ్మ నన్ను తిడుతుంది.”

అర్థం కాలేదు. వాడే వివరించాడు. “‘ప్రభువా, ఈ బిడ్డ ఫోన్ వదిలేలా మనసు మార్చు. మాట వినే హృదయం ఇవ్వు. మార్కులు...’ అందరి ముందూ. కళ్లు మూసుకుని ఉండాలి, మధ్యలో మాట్లాడకూడదు, చివర్లో ఆమెన్ కూడా నేనే చెప్పాలి.”

ఇన్నేళ్లలో నేను ఎన్ని ఇళ్లలో అలాంటి ప్రార్థనలు విన్నానో, నేను స్వయంగా ఎన్ని చేశానో ఆలోచించాను. తిట్టితే పిల్లవాడు ఎదురు చెప్పగలడు. ప్రార్థనలో తిడితే చెప్పలేడు, దేవుడు అమ్మ పక్షాన నిలబడినట్టుంటుంది. లూకా సువార్త 18వ అధ్యాయంలో దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడు (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదు వర్గంవాడు) కూడా దేవుడితోనే మాట్లాడతాడు. కానీ ఆ ప్రార్థనలో, నేను ‘ఈ సుంకరి’ (పన్ను వసూలు చేసేవాడు) లాంటివాణ్ణి కాదు అన్న మాట వస్తుంది. కళ్లు దేవుడి వైపు, వేలు పక్కవాడి వైపు. ఆ ఉపమానం గర్వం గురించనే చెబుతూ వచ్చాను. దూరంగా నిలబడ్డ సుంకరికి అది ఎలా వినబడి ఉంటుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

తల్లికి ఈ సంగతి చెప్పడం కష్టమైంది. అసలే నేరభావంతో నిండిపోయిన మనిషి. వాడి అనుమతితో, వాడు పక్కనుండగానే, వాడి చేతే చెప్పించాను. ఆమె ఏడ్చింది. తర్వాత, “నాకు వాడితో ఆ మాటలు చెప్పే ధైర్యం లేదు. దేవుడికైతే చెప్పగలను కదా అని...” అంది. నిజం అది. బాబు ఆమె వైపు చూశాడు, మొదటిసారి అనుకుంటా.

అక్కడికక్కడే ఒక నియమం పెట్టుకున్నారు: గదిలో ఉన్న మనిషి గురించి ప్రార్థన చేయాలంటే ముందు ఆ మనిషిని అడగాలి, “నీ కోసం ఏం అడగమంటావు?” అని. ఆ మనిషి ‘ఏమీ వద్దు’ అంటే ఏమీ వద్దు. ఈ ఒక్క నియమం నా టైమ్‌టేబుల్, నోట్‌బుక్ అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. నేను కనిపెట్టింది కాదు, ఆ ఇంటివాళ్లే పెట్టుకున్నది.

మంచం పక్కన

రాత్రి ఎనిమిదింటికి పెద్దావిడని తిప్పి దుప్పటి మార్చాలి. దానికి ఇద్దరు కావాలి. భర్త ఆలస్యంగా వచ్చే రోజుల్లో బాబు చెయ్యి వేసేవాడు. ఒకరోజు ఆమె తిప్పుతూ, అలవాటుగా ఒక పాత కీర్తన కూనిరాగం తీసిందట. పెద్దావిడ నోట్లోంచి పల్లవి మాటలు వచ్చాయి. నత్తి నత్తిగా కాదు, రాగంలో స్పష్టంగా. నీళ్లు కావాలని కూడా చెప్పలేని మనిషి ఒక పల్లవి మొత్తం పాడింది. బాబు దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఆమె నాకు ఫోన్ చేసి “అద్భుతం జరిగింది” అంది. నేను జాగ్రత్తగా మాట్లాడాను. పక్షవాతంతో మాట పోయినవాళ్లలో కొందరు బాగా తెలిసిన పాటల్ని మాటలతో సహా పాడగలుగుతారు. ఇది వైద్యంలో తెలిసిన విషయమే, దీన్ని ఆధారం చేసుకున్న చికిత్సా పద్ధతి కూడా ఉంది. స్పీచ్ థెరపిస్ట్‌ని అడగమన్నాను. ఆ మాట చెబితే ఆమె ఉత్సాహం చల్లారిపోతుందేమోనని కొంచెం భయపడ్డాను. కానీ చెప్పకపోతే, పాప సాక్ష్యాల కథే మళ్లీ నడుస్తుంది. పైగా రేపు పెద్దావిడ మామూలుగా మాట్లాడకపోతే, దేవుడు మళ్లీ వెళ్లిపోయినట్టవుతుంది ఆమెకి.

ఆమె అంది: “అంటే ఆ పాట ఎప్పుడూ లోపలే ఉందన్నమాట.”

నేనేమీ జోడించలేదు.

తొమ్మిదింటి కుటుంబ ప్రార్థన వాళ్లంతట వాళ్లే తీసేశారు. ఎనిమిదింటికి మంచం దగ్గర, దుప్పటి మార్చేటప్పుడు ఒక పాట, ఒకటి రెండు వాక్యాలు, అడిగితేనే ప్రార్థన. ఎనిమిది నిమిషాలు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలో దేవుని మాటలు పిల్లలకి నేర్పమని చెప్పినచోట, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమంటుంది. కుటుంబ ప్రార్థన గురించి ప్రసంగించినప్పుడల్లా నేను ఆ వచనమే చదివి, చివర్లో ‘కాబట్టి రాత్రి తొమ్మిదింటికి’ అనేవాడిని. వచనంలో ఎక్కడా గడియారం లేదు.

ఇప్పుడు నేను వేరుగా చేస్తున్నవి

ఎవరైనా ప్రార్థన చేయలేకపోతున్నామని వస్తే, మొదటి కూడికలో నిన్న రాత్రి ఎన్ని గంటలకి పడుకున్నారో, ఎన్నిసార్లు లేచారో అడిగి, జవాబు రాసుకున్నాక అక్కడే ఆగుతున్నాను. ఇంట్లో ఎవరినైనా పిలవాల్సి వస్తే, అందరికంటే తక్కువ మాట్లాడేవాళ్లని ముందు పిలుస్తున్నాను.

‘మీ పనిలోనే దేవుడున్నాడు’ అనడానికి ఇప్పుడు తొందరపడను. అది నిజమే. నజరేతులో వడ్రంగి పని చేసిన ప్రభువుని నమ్మేవాడిని అది కాదనలేను. లూకా లెక్క ప్రకారం ఆయన బోధ మొదలుపెట్టేనాటికి దాదాపు ముప్ఫై ఏళ్లు. అంటే ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఇల్లూ, పనే. కానీ ఆ నిజాన్ని మోయలేనంత బరువు మోస్తున్న ఆడమనిషికి చెబితే, ‘ఇలాగే మొయ్యి’ అని వినబడుతుంది. ముందు బరువు పంచాలి, ఆ తర్వాత ఆ మాట చెప్పొచ్చు. కొన్నిసార్లు అప్పటికి చెప్పక్కర్లేకుండా పోతుంది.

అన్నీ సర్దుకున్నాయని కాదు. ఆమె నాలుగింటి ప్రార్థన తిరిగి మొదలవలేదు. అది తనకి వెలితిగానే ఉందని చెబుతుంది, నేనూ కాదనను. కుర్చీ మీద ప్యాకెట్లు ఇంకా అలాగే ఉన్నాయి. బాబు పైకి ప్రార్థన చేయడు. పాట పాడతాడో లేదో కూడా తెలియదు, తల వంచుకుని దుప్పటి మూల సరిచేస్తుంటాడు. యువకుల కూడికకి రమ్మంటే చూస్తానన్నాడు, రాలేదు.

ఎనిమిది నెలల తర్వాత ఒక రాత్రి వాళ్లింటికి వెళ్లాను. ఎనిమిదైంది. నన్ను కూర్చోబెట్టి వాళ్ల పని వాళ్లు చేసుకున్నారు. పాట అయ్యాక వాళ్లమ్మ పాపని అడిగింది, ఈ రోజు ఏమైనా చెప్తావా అని. పాప కాసేపు ఆలోచించింది.

“ఈ రోజు ఏమీ జరగలేదమ్మా.”

“సరే,” అంది ఆమె. “ఆ దిండు ఇటివ్వు.”